ఉస్తాద్ చెవి: పద్నాలుగో భాగం

మలక్‌పేట షెడ్డు గోడకు నోటీసు అంటించి ఆ బుధవారానికి పంతొమ్మిది రోజులు. శరభ మోటార్స్ ఇక పెట్రోలు ఇంజను కట్టదు, ఇకమీద చేసే ప్రతి స్పోర్ట్స్ కారూ బ్యాటరీ మీదే నడుస్తుంది అన్నది అందులోని సంగతి. ఇంజను హాల్లోని పదకొండు మందికి నెలాఖరు దాకానే పని. పన్నెండో మనిషి మా బాపు గుండయ్య. ఆయన్ని మాత్రం ఉంచుకుంటామన్నారు. ఎందుకన్నది వెనకటి భాగాలు చదివినవాళ్ళకు తెలుసు. చదవనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను.

ఇరవై ఏడేళ్ళుగా ఆ షెడ్డులో తయారైన ప్రతి ఇంజనునూ చివరగా వినేది బాపే. మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ మొనను ఇంజను మీద ఆనించి, కర్రపిడిని చెవి వెనక పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. బాగాలేకపోతే విప్పిస్తాడు. బాగుంటే ‘పాస్’ అంటాడు. ఉక్కు అచ్చు తీసి సుత్తితో ఒక్క దెబ్బ కొడతాడు. ఇంజను మీద ‘గు’ అన్న అక్షరం పడుతుంది. మా కార్లు కొనేవాళ్ళు బానెట్ ఎత్తగానే ముందు వెతికేది ఆ అక్షరాన్నే. షెడ్డులో ఆయన్ని పేరు పెట్టి పిలిచే పనివాళ్ళు లేరు. అందరికీ ఉస్తాద్.

కరెంటు కారుకు చప్పుడు ఉండదు. చప్పుడు లేని కారు సందుల్లో మనుషుల మీదికి వచ్చేస్తుంది. పైగా గొంతు లేని స్పోర్ట్స్ కారును ఎవరూ ముచ్చటపడి కొనరు. అందుకని కంపెనీ దానికి ఒక చప్పుడు చేయించింది. చేసింది నేను, గుండయ్య కూతురు భాగ్యశ్రీని. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని. రెండేళ్ళుగా అదే కంపెనీలో సౌండ్ ఇంజనీరుని. బాపు పాస్ చేసిన ఆఖరి పెట్రోలు ఇంజను నంబరు నాలుగువందల పన్నెండు. దాని చప్పుడు రికార్డు చేసి, దాని నుంచే కొత్త కారు గొంతు తయారు చేశాను. శుక్రవారం మొదటి కారును కొన్నవాళ్ళకు అప్పగిస్తారు. అందరి ముందూ దాని తలుపు కింది పట్టీ మీద బాపు ‘గు’ కొట్టాలి. కొట్టాలంటే ముందు విని పాస్ చేయాలి.

వినడానికి ఆయన లోపలికి వెళ్ళాక వినికిడి గది తలుపు నేనే మూశాను.

*

ఆ గది చిన్నది. గోడల నిండా నల్లటి మెత్తటి దిండ్లు అతికించారు. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. లోపల కారు, బాపు మాత్రమే. అద్దానికి ఇవతల నేను, నా ముందు ల్యాప్‌టాప్, చెవులకు హెడ్‌ఫోన్లు. లోపలి మైకు పట్టుకున్నదంతా నాకొక్కదానికే వినిపిస్తుంది. నా వెనక శ్రీవత్సగారు నిలబడి ఉన్నారు. కంపెనీ పెట్టిన రామచంద్రరావుగారి అబ్బాయి ఆయన. ఇప్పుడు నడిపేది ఆయనే.

బటన్ నొక్కాను. తెర మీద పచ్చగుర్తు వెలిగింది. చప్పుడు రాలేదు.

హెడ్‌ఫోన్లు పాడయ్యాయేమో అనుకున్నాను. కాదు. బాపు చెప్పులు నేల మీద రాసుకోవడం వినిపించింది. ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. స్క్రూడ్రైవర్ మొన మోటారు డబ్బాకు తగిలి టక్కుమనడం కూడా వినిపించింది. కారు ఒక్కటే వినిపించలేదు. మళ్ళీ నొక్కాను. తెర మీద చప్పుడును చూపించే గీత ఎక్కడా లేవకుండా తిన్నగా సాగిపోతోంది.

ఆపమని చెబుదామని మైకు బటన్ మీద వేలు పెట్టాను. అప్పటికే బాపు కళ్ళు మూసుకున్నాడు.

పిడిని చెవి వెనక పెట్టుకున్నాడు. కొంచెం సేపటికి దాన్ని దవడ ఎముక మీదికి జరిపాడు. నుదురు ముడిపడింది. చిన్నప్పుడు సెలవుల్లో షెడ్డుకు వెళ్ళి నేను వందసార్లు చూసిన ముఖం అది. ఆ ముఖం పెట్టినప్పుడు ఇంజను హాల్లో ఒక్కరూ మాట్లాడేవారు కాదు, చాయ్ గ్లాసు కింద పెట్టాలన్నా ఆగేవారు. నా వేలు కూడా ఆ అలవాటు కొద్దీ ఆగిపోయింది. నిమిషం గడిచింది. బాపు కళ్ళు తెరిచి, అద్దంలోంచి నా వైపు చూసి నవ్వాడు.

“పాస్,” అన్నాడు. “మస్తున్నది బిడ్డా. నాలుగువందల పన్నెండే. అచ్చం గదే.”

ఆ మాట తర్వాత నా చెవుల్లో మళ్ళీ ఏమీ లేదు.

“ఏమంటున్నారు గుండయ్యగారు?” అని శ్రీవత్సగారు వెనకనుంచి అడిగారు.

“పాస్ అన్నారు సార్.”

ఆయన అద్దంలోంచి ఒకసారి కారు వైపు చూశారు. తర్వాత, “మంచిది. రిపోర్టు మీద సంతకం పెట్టి రేపు పొద్దున ఇవ్వండి,” అని వెళ్ళిపోయారు.

“సంతకం పెట్టి రేపు పొద్దున ఇవ్వాలి,” అని నేను తిరిగి పలికాను.

అది నాకు అలవాటు. షెడ్డులో బాపు పెట్టిన పద్ధతి. ఒకరు కొలత చెబితే విన్న మనిషి ఎదురుగా వచ్చి నిలబడి అదే కొలత తిరిగి చెప్పాలి. “పల్టాయించి చెప్పు,” అంటాడు బాపు. నలభై రెండు అంటే నలభై రెండు అని ఆయన ముఖంలోకి చూసి చెప్పేదాకా పానా తిప్పనిచ్చేవాడు కాదు. ఆ పద్ధతి వల్లే తన షెడ్డులో ఏ బోల్టూ తప్పు బిగుసుకోలేదని రామచంద్రరావుగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు.

*

బాపు బయటికి రాగానే ఇంజను హాల్లో వాళ్ళు చుట్టూ చేరారు. సగం ఖాళీ అయిన హాలు. విప్పిన పనిముట్ల పెట్టెలు గోడ వారగా వరసగా ఉన్నాయి.

“ఏమన్నది ఉస్తాద్, బొమ్మబండి?” అన్నాడు నగేష్. బాపు దగ్గరే పని నేర్చుకుని పద్దెనిమిదేళ్ళుగా ఇంజన్లు బిగిస్తున్నవాడు.

“మంచిగనే ఒర్రుతుంది.”

“ఒర్రకపోతే గూడ ఏం ఫికర్? ఇగ పందెం దినాలల్ల గూడ పని చెయ్యొచ్చట. గుర్రాలకు మంచిగైంది, ఉస్తాద్‌కు ఆయితారం పాయె.”

మా షెడ్డు వెనక గోడ రేసుకోర్సుకు దగ్గర. పందెం రోజుల్లో ఇంజను లేపితే గుర్రాలు బెదురుతాయని ఆ రోజుల్లో మాకు పని ఉండేది కాదు. ఇరవై ఏడేళ్ళుగా ఉన్న ఆ కట్టడి కరెంటు కారు రాగానే పోయింది. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. అందరూ నవ్విన తర్వాత నవ్వాడు. ఆయన ఎప్పుడూ అంతే. అది ఉస్తాద్ పెద్దరికం అనుకునేవాళ్ళం.

వాళ్ళంతా చాయ్‌కి వెళ్ళాక నేను గదిలోకి వెళ్ళి మోకాళ్ళ మీద వంగి కారు ముందు బంపరు కిందికి చూశాను. స్పీకరు డబ్బాకు వెళ్ళే వైరు ప్లగ్గు ఊడి వేలాడుతోంది.

పొద్దున తొమ్మిదింటికి ఆ ప్లగ్గు పెట్టింది నేనే. పెట్టి, ఎవరూ లేకపోయినా, ‘ప్లగ్గు పెట్టాను’ అని పైకి పలికాను కూడా. లేక పలికి, పెట్టడం మరిచిపోయానా? పంతొమ్మిది రోజులుగా సరిగా నిద్రపోని మనిషిని. మరిచే ఉంటాను. ప్లగ్గు నొక్కి, లేచి, అద్దానికి ఇవతలికి వచ్చి బటన్ నొక్కాను. గది నిండా నాలుగువందల పన్నెండు లేచింది. అద్దం మీద పెట్టిన నా అరచేయి అదిరింది.

నా వల్ల తప్పు జరిగింది, అది నిజం. కానీ తప్పు వైరుది మాత్రమే అయితే ఆయన బయటికి వచ్చి, ‘ఏమే బిడ్డా, సప్పుడు పెట్టుడు మరిచినవా?’ అని నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసి ఉండాలి. అలా చేసి ఉంటే ఎంత బాగుండును.

రిపోర్టు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ‘విన్నవారు: గుండయ్య. పరీక్ష సమయంలో చప్పుడు సక్రమంగా వినిపించినదని ధ్రువీకరించువారు:’ అని ఉంది దాని మీద. ఆ తర్వాతి ఖాళీ నాది.

*

సాయంత్రం ఎప్పటిలాగే నా స్కూటీ మీద ఇంటికి బయలుదేరాం. మాది గౌలిపురా. దబీర్‌పురా బ్రిడ్జి దిగాక బండ్లు ఇరుక్కుపోయి కదలడం లేదు. ఒక ఆటోవాలా ఇంకో ఆటోవాలాతో ఉర్దూలో లొల్లి పెట్టుకున్నాడు. వెనక కూర్చున్న బాపు రెండు చేతులూ నా భుజాల మీద ఉన్నాయి.

ముందుకే చూస్తూ, మామూలు గొంతుతో అన్నాను. “బాపు, అమ్మకు అల్లం తీసుకపోవాల్నా?”

“ఊ,” అన్నాడు.

అల్లం ఇంట్లో నిన్న తెచ్చిందే ఉంది. నేను బ్రేకు గట్టిగా పట్టుకున్నాను. “బాపు, నీ చెప్పు కింద పడ్డది.”

“ఊ, ఊ.”

“బాపు, నేను నౌకరీ ఇడిసిపెడుతున్న.”

“ఊ,” అన్నాడు, నా భుజం తట్టి. “గట్లనే చేద్దాం బిడ్డా.”

ముందు బండ్లు కదిలాయి. వెనక వాళ్ళు హారన్లు కొట్టారు. నాకు దారి మసకగా కనిపించింది. హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాను. ఎన్నేళ్ళుగా ఈ స్కూటీ మీద నేను ఈయనకు నా సంగతులన్నీ చెప్పుకుంటూ వస్తున్నాను? పరీక్షల భయాలు, ఉద్యోగంలో అవమానాలు, ఒకసారి ఒకబ్బాయి గురించి. అన్నిటికీ ఊ అన్నాడు. మా బాపు అంత ఓపికగా వినే తండ్రి గౌలిపురాలోనే లేడనుకున్నాను.

*

మా ఇల్లు రెండు గదులు, ముందు చిన్న వసారా. వసారాలో నీళ్ళ డ్రమ్ము పైన గోడకు ఒక కారు పక్కద్దం బిగించి ఉంటుంది. షెడ్డులో అంచు పగిలిందని పడేసినదాన్ని బాపు తెచ్చి పెట్టాడు. గడ్డం గీసుకునేది అందులోనే. దాని ఎదురుగా ఆయన ముక్కాలిపీట. ఆ పీటను ఇంకోచోటికి జరిపితే ఊరుకోడు.

అమ్మ చంద్రమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. బాపు కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుని సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. నేను వెళ్ళి ఆయన వీపు వెనక ఓ పక్కగా నిలబడ్డాను.

“బాపు.”

గుడ్డ కదులుతూనే ఉంది.

“బాపు.” ఈసారి కొంచెం గట్టిగా.

అమ్మ చేట కింద పెట్టింది. “ఎనుకనుంచి పిలువకు,” అంది. అన్నాక, అనకూడని మాట అన్నట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను అమ్మ వైపు చూశాను. బాపుకు ఏదైనా చెప్పాలంటే అమ్మ ముందు వెళ్ళి ఆయన భుజం మీద చేయి వేస్తుంది. ఆయన తలెత్తాక మాట్లాడుతుంది. కాలేజీలో నా స్నేహితురాళ్ళకు చెప్పి మురిసిపోయేదాన్ని, మా ఇంట్లో ఇంత వయసులోనూ ఇంత ప్రేమ అని.

“ఎన్నేండ్ల సంది అమ్మా?”

“ఏంది?”

“నీకు తెలుసు ఏందో.”

అమ్మ లేచి వెళ్ళి బాపు భుజం మీద చేయి వేసింది. ఆయన తలెత్తి ముందు అమ్మ ముఖం, తర్వాత వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. చూసి, గుడ్డను మెల్లగా మడతపెట్టాడు.

“తెలిసిందా?” అన్నాడు.

నేను ఆయన ఎదురుగా వచ్చి నేల మీద కూర్చున్నాను. “పొద్దుగాల బండికి సప్పుడు లేకుండె బాపు. ప్లగ్గు ఊడిపోయింది. నువ్వు పాస్ అన్నప్పుడు అండ్ల ఏం లేదు. ఖాళీ.”

ఆయన నా పెదవుల వైపే చూస్తూ విన్నాడు. విన్నాడు అని రాయడం నాకు ఇంకా పోలేదు.

“ఏం లేదా?”

“ఏం లేదు.”

తల దించుకుని స్క్రూడ్రైవర్ వైపు చూశాడు. దాని పిడి ఆయన చెవి వెనక రుద్దుకుని రుద్దుకుని ఒక పక్క నున్నగా అరిగిపోయి ఉంది.

“ఎడమ చెవి పోయి ఎనిమిదేండ్లయింది,” అన్నాడు. “కుడిది కొంచెం కొంచెం పోయింది. పోయిన బోనాల సంది మొత్తానికే లేదు. డాక్టరు దగ్గరికి మీ అమ్మ తీసుకపోయింది. ఇంజన్ల కాడ పని చేసేటోళ్ళకు గిట్ల అయితదట. గిన్నేండ్లు అయినంక మిషిని పెట్టినా ఏం లాభం లేదన్నడు.”

“మరి ఎనిమిదేండ్ల సంది ఇంజన్లు ఎట్ల పాస్ చేసినవ్? నూటయాభై ఇంజన్లు చేసినవ్ బాపు. ఒక్కటి గూడ వాపస్ రాలే.”

“ఎట్ల వస్తది?” మొదటిసారి ఆయన గొంతులో ఉస్తాద్ వినిపించాడు. “నేను మంచిగనే చూసిన. చెవుతోని చూస్తరని మీరనుకుంటరు. ముందుగాల చెవుతోనే. తర్వాత చెయ్యి నేర్చుకున్నది. పిడి దవడకు పెట్టుకుంటే పండ్లకు తెలుస్తది. వాల్వు టైటుంటే గీడ సురుక్కుమంటది. బేరింగు పోతాంటే గీ ఎముక గుంజుతది. ఇంజను వణుకుతది బిడ్డా. వణికేదానికి చెవులు అక్కర లేదు.”

అరచేయి తెరిచి చూపించాడు. నూనె ఇంకిన గీతల అరచేయి.

“గీ కరెంటుది వణుకతలేదు. పొద్దుగాల చెయ్యి పెడితే సల్లగ తాకింది. సచ్చిన చేప లెక్క. నాకు భయమైంది. పెట్రోలు బండి ఉన్నన్ని దినాలు నేను చెవులున్నోణ్ణే. బండి మారినాడే నేను చెవిటోణ్ణయిన.”

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెలు సర్దుతున్న చప్పుడు వచ్చింది. సర్దాల్సిన గిన్నెలేవీ లేవు.

నాకు కోపం కూడా వచ్చింది. దాచను. “తెలుస్తలేదంటే తెలుస్తలేదనాలె గద బాపు. పాస్ ఎట్ల అంటవ్? రేపు ఆ బండి మన గల్లీలకు వస్తది. సప్పుడు లేకుంటే ఆడుకునే పోరగాండ్లు ఎట్ల పక్కకు జరుగుతరు? నీ అక్షరం ఉన్నది గదా అని ఎవరూ మళ్ళ చూడరు గూడ.”

“ఎరుకే,” అన్నాడు. చొక్కా చేయి పైకి మడిచాడు. మోచేతి దగ్గర నల్లగా కమిలిన మచ్చ. పోయిన నెల మెట్ల మీద జారానని చెప్పిన దెబ్బ. “పత్తర్‌గట్టి కాడ కరెంటు ఆటో. ఎనుకనుంచి వచ్చింది. వాడు హారన్ కొట్టిండట. అందరు వాన్ని ఇడిసిపెట్టి నన్నే తిట్టిన్రు. నాకన్న ఎక్కువ ఎవరికి ఎరుక బిడ్డా?”

“మరి ఎందుకన్నవ్ పాస్ అని?”

ఆయన చొక్కా చేయి కిందికి దించుకున్నాడు. నేను ఆయన మోకాలి మీద చేయి వేశాను, అమ్మలాగా.

“నువ్వు చేసినవ్ గద,” అన్నాడు. “నువ్వు చేసిందాంట్ల తప్పుంటదా అనుకున్న. ఆ అద్దం అవతల నీ మొకం చూసిన. నువ్వు బటన్ వత్తినవ్, నాదిక్కు చూసినవ్. సప్పుడు వస్తుందనే అనుకున్న. నా బిడ్డ చేసిన సప్పుడు నాకొక్కనికే ఇనవడతలేదనుకున్న.”

అమ్మ వచ్చి చాయ్ గ్లాసులు మా మధ్య పెట్టి, పట్టించుకోనట్టు మళ్ళీ బియ్యం చేట ఒళ్ళోకి తీసుకుంది.

“శుక్రవారం ఒక్క అచ్చు కొడత,” అన్నాడు బాపు. “గదే ఆఖరుది. తెల్లారి నేనే నౌకరీ వద్దని చెప్పి వస్త. ఉస్తాద్ పోయిండు అనాలె. చెవిటోడని తీసేసిన్రు అనొద్దు. నగేష్‌గాని ముందట, ఆ పదకొండు మంది ముందట... గంతే బిడ్డా. ఇంకేం అడుగ.”

“నేను సంతకం పెట్టాలె బాపు. సప్పుడు వచ్చిందని. నువ్వు ఇన్నవని.”

ఆయన తల ఊపాడు. పెట్టమనలేదు, పెట్టవద్దనలేదు. నా చదువు కోసం ఏళ్ళ తరబడి ఓవర్‌టైమ్ డబ్బంతా పోసిన మనిషి ఆ మాట గుర్తుచేయలేదు. అందుకే నాకు గుర్తొచ్చింది.

*

ఏం చేయాలో తెలియక నేను లేచి నా సంచిలోంచి చిన్న స్పీకరు తీశాను. ఇడ్లీ గిన్నె మూతంత ఉంటుంది. ఇంట్లో పనిచేసుకోవడానికి తెచ్చుకున్నది. ఫోనుకు కలిపి, నాలుగువందల పన్నెండు పెట్టి, బాపు రెండు అరచేతుల్లో ఉంచాను.

ముందు ఆయనకు అర్థం కాలేదు. తర్వాత వేళ్ళు దాని చుట్టూ బిగిశాయి. నేను చప్పుడు పెంచాను. పక్కింటి లలితమ్మగారు గోడ మీదినుంచి తొంగి చూసి, “ఏంది చంద్రమ్మా, ఇంట్ల బండి పెట్టుకున్నరా?” అంది. అమ్మ ఆమెకు ఏదో చెప్పి పంపించింది.

బాపు స్పీకరును మెల్లగా ఎత్తి దవడకు ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఈసారి నుదురు ముడిపడలేదు. ముఖమంతా సడలిపోయింది. ఆ ఇంజనును విప్పి ఇనుప సామాను కింద పంపేసి పది రోజులైంది. పంపిన రోజు ఆయన షెడ్డుకు రాలేదు.

“గిదే,” అన్నాడు. “గిదే నా నాలుగువందల పన్నెండు. మూడో వాల్వు కొంచెం సురుకు. నేనే ఉంచిన, కావాల్నని. నువ్వు గది గూడ తీసెయ్యలేదు.”

తీసేయలేదు. నిజానికి అలాంటిది ఒకటి ఉందని నాకు తెలియదు. మా సౌండ్ టీములో ఎవరికీ తెలియదు. మిషన్లకు దొరకనిది ఆయన దవడకు దొరికింది.

అప్పుడు ఫోను మోగింది. స్పీకరులో ఇంజను ఆగిపోయింది. బాపు అరచేతుల్లో వణుకు లేని డబ్బా మిగిలింది. తెర మీద శ్రీవత్సగారి పేరు.

నేను లేచి ఫోను చెవికి పెట్టుకున్నాను. బాపుకు నా ముఖం కనిపించకూడదనిపించింది. ఆయన వైపు వీపు తిప్పి గోడ వైపు నడిచాను. ఆయన చెవిటితనాన్ని నేను ఆయన మీదికే వాడుకోవడం అదే మొదటిసారి. అది చేస్తున్నప్పుడే నాకు తెలుసు.

“భాగ్యశ్రీ, రిపోర్టు మీద సంతకం పెట్టేశారా?”

“లేదు సార్.”

“పెట్టకండి. ఆ ప్లగ్గు మీరు మరిచిపోలేదు. తీసింది నేను.” ఆయన గొంతు అలసిపోయి ఉంది. “పోయిన నెల షెడ్డులో ఆయన్ని వెనకనుంచి నాలుగుసార్లు పిలిచాను. అప్పటినుంచీ అనుమానం. మా నాన్నగారి తర్వాత నేను కాళ్ళకు దండం పెట్టాలనుకునే మనిషి ఆయన. నాకూ ఇష్టం లేదు. కానీ రేపు ఏ పిల్లాడికో దెబ్బ తగిలితే నేను ఏం చెప్పుకోను? ఒక్కసారితో నేను తీర్పు చెప్పలేను. రేపు పది గంటలకు మూడు కార్లు పెడతాను. ఒక్కదానికే స్పీకరు కలిపి ఉంటుంది. అది ఏదో ఆయన చెప్పాలి. షెడ్డు వాళ్ళంతా ఉంటారు. వాళ్ళకు కూడా నిజం తెలియాలి, నేను ఊరికే తీసేశానని అనుకోకూడదు. మీరు ఆయనకు ముందుగా ఏమీ చెప్పకండి.”

నా నోరు దాని పని అది చేసింది. చిన్నప్పటి అలవాటు.

“రేపు పది గంటలకు. మూడు కార్లు. ఒక్కదానికే స్పీకరు,” అన్నాను. “బాపుకు ఏమీ చెప్పను సార్.”

“థాంక్యూ,” అని ఆయన పెట్టేశారు.

ఫోను దించి కళ్ళు తుడుచుకుని తల ఎత్తాను. నా ముందు, జానెడు దూరంలో, గోడకు పక్కద్దం ఉంది. అందులో నా ముఖం ఉంది. నా భుజం మీదుగా, ముక్కాలిపీట మీద కూర్చున్న బాపు ముఖం కూడా ఉంది. ఆయన నన్నే చూస్తున్నాడు. ఆ పీటను ఎందుకు జరపనిచ్చేవాడు కాదో, ఆ అద్దం అక్కడే ఎందుకు బిగించాడో ఎనిమిదేళ్ళ తర్వాత నాకు అప్పుడు అర్థమైంది.

మెల్లగా వెనక్కి తిరిగాను. అమ్మ బియ్యం ఏరడం ఆపేసింది.

బాపు స్పీకరును జాగ్రత్తగా కింద పెట్టాడు. స్క్రూడ్రైవర్ తీసుకుని మొనను బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

“మూడు బండ్లా బిడ్డా,” అన్నాడు.

నేను వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

“ఒక్క ముచ్చట చెప్పు. ఇంకేం అడుగ. ఆ సప్పుడు డబ్బా బండికి ముందట బిగిస్తరా, ఎనుక బిగిస్తరా? చెయ్యి యాడ పెడితే తాకుతది?”

ముందు బంపరు కింద, ఎడమ పక్క. పొద్దున నేను మోకాళ్ళ మీద వంగి చూసిన చోటు. నేను నోరు తెరిచాను. ఆయన నా కళ్ళ వైపు చూడటం లేదు, పెదవుల వైపు చూస్తున్నాడు.